వాన లేని పుట్టినరోజు

"అమ్మా, నేను పుట్టిన రోజు అసలు వానే పడలేదు," అంది కూతురు, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆవిడ చేయి ఆగిపోయింది. "ఎవరన్నారు?"

"నాన్న రిజిస్టరే అంటోంది. సున్నా మిల్లీమీటర్లు."

భోజనాల బల్ల నిండా అట్టలూడిన రిజిస్టర్లు. వాతావరణ కేంద్రంలో వాన కొలిచే ఉద్యోగం చేసి రిటైరైన ఆయన, ముప్ఫై ఒక్క ఏళ్ళ పాటు రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి రాసిన అంకెలవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించిపెట్టమని పాత ఆఫీసు వాళ్ళు అడిగితే, ఆ పని ప్రోగ్రాములు రాసే కూతురి నెత్తిన పడింది. రేపు పొద్దున్న ఫైలు పంపేస్తే, అందులో ఏముంటే ఇక అదే శాశ్వతం.

"కుండపోతగా కురిసిందే తల్లీ! బస్సులు ఆగిపోయాయి. మీ నాన్న మోకాలి లోతు నీళ్ళలో ఆసుపత్రికి నడిచొచ్చారు."

"పోయిన పుట్టినరోజుకి పిక్కల దాకానే ఉన్నాయి నీళ్ళు."

ఆ మాట నిజమే. చెప్పిన ప్రతి ఏడూ ఆ నీళ్ళు బెత్తెడు పెరుగుతూనే ఉన్నాయి. కథన్నాక కాస్త పొంగుతుంది, పాలు పొంగినట్టు. అంతమాత్రాన పొయ్యి మీద పాలే లేవంటే ఎలా? కిటికీ అద్దం మీద జారిన ధారలు, తిరగబడ్డ గొడుగుతో ఆయన గుమ్మంలో నిలబడి బూట్లలోంచి నీళ్ళు ఒంపుకున్న తీరు, అదంతా చూసి నర్సు నవ్విన నవ్వు, అన్నీ ఆవిడకి నిన్నటివిలా ఉన్నాయి. మళ్ళీ అంత ముద్దుగా ఆయన ఎప్పుడూ తడవలేదు.

"మీరైనా చెప్పరేం? బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారు!"

ఆయన మొహానికి అడ్డంగా పట్టుకున్న పేపరు కిందికి దిగలేదు. దాని వెనకనించి మాట మాత్రం వచ్చింది. "రిజిస్టర్లో ఎంతుంటే అంతే."

"అంటే ఇన్నేళ్ళుగా నేను అబద్ధమాడుతున్నానా?"

"ఆ మాట నేనన్లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క రోజు కూడా కొలత తప్పలేదంటున్నాను."

ఆ మాట ఆవిడకి కొత్త కాదు. పెళ్ళిళ్ళలో చెబుతాడు, బస్సుల్లో చెబుతాడు, పళ్ళ డాక్టరు నోరు తెరిపించి ఉంచినప్పుడు తప్ప అన్ని చోట్లా చెబుతాడు. ఇవాళ ఆ గొప్ప కోసం ఆవిడ వానని కాస్తా ఎండబెట్టేశాడు.

"ఏదీ, ఆ ఏటి రిజిస్టరు ఇలా ఇయ్యి," అంది ఆవిడ, చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ.

"నేను టైపు చేసింది దాంట్లోంచేనమ్మా."

"అయినా ఇయ్యి."

పేజీలు తిరగేసి ఆ తారీకు మీద వేలు పెట్టింది. గడిలో సున్నా లేదు. ఏమీ లేదు. దాని కింద, మర్నాటి గడిలో నూట పన్నెండని అంకె, పక్కనే చిన్న అక్షరాలతో 'రెండు రోజులది'.

కూతురు నుదురు కొట్టుకుంది. "నాదే తప్పు. నేను టైపు చేసిందంతా కంప్యూటరుకి ఉత్త అక్షరాలే. వాటిని అంకెలు చెయ్యమన్నాను. నేను ప్రోగ్రాము రాసిన ఈ కంప్యూటరు భాషకి మొహమాటం ఎక్కువమ్మా, ఏదిచ్చినా కాదనదు. నూట పన్నెండు వరకు తీసుకుని ఆ వెనకున్న మాటలు మింగేసింది. ఖాళీ ఇస్తే సున్నా అనేసుకుంది."

"ఇదేమిటని నిన్ను అడగనైనా లేదా?"

"కిక్కురుమనలేదు."

"డబ్బాలో పంచదార లేకపోవడం వేరు, డబ్బా మూతే తియ్యకపోవడం వేరు. ఆ మాత్రం తెలియని దానికా లెక్కలు అప్పగించావు?" అని, ఆవిడ పేపరు వైపు తిరిగింది. "విన్నారుగా? వాన కురిసింది. కొలత తప్పింది!"

పేపరు మెల్లగా దిగింది. గెలిచినందుకు నాలుగు మాటలనాలని నోరు తెరిచిన ఆవిడ, ఆయన మొహం చూసి మూసేసుకుంది. చిన్న పిల్లాడి చేతిలోంచి బెలూను జారిపోయినట్టుందా మొహం.

"నాన్నా, ఇక్కడ 'కొలత లేదు' అని పెట్టాలి. పెట్టెయ్యనా?" అంది కూతురు.

"పోనీ, సున్నాయే ఉంచెయ్యవే," అంది ఆవిడ, గొంతు తగ్గించి. "వాన నాకు గుర్తుందిగా. చాల్లే."

"వద్దు. ఉన్నదే పెట్టు," అన్నాడాయన. "ఆ పొద్దున్న కూడా ఎనిమిదిన్నరకల్లా ఆసుపత్రి నించి పరిగెత్తుకెళ్ళి వాన డబ్బా దగ్గర నిలబడ్డాను. నిండా నీళ్ళున్నాయి. కొలవడానికి మిల్లీమీటర్ల గీతలున్న గ్లాసే లేదు."

"గ్లాసేమైంది?" అంది ఆవిడ.

"నీ మంచం పక్కనుంది. తెల్లారుతూనే కాన్పయిందని కబురొచ్చింది, నీళ్ళు తాగడానికి ఏదైనా పట్టుకురమ్మన్నారు. డ్యూటీలో ఉన్నాను కదా, కంగారులో చేతికి అదే దొరికింది."

కూతురు ఆ గడిలో 'కొలత లేదు' అని టైపు చేసింది.

"అయినా కొలత తప్పాననడానికి వీల్లేదు," అన్నాడాయన, పేపరు మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకుంటూ. "ఆ రోజు నువ్వు తాగింది తొమ్మిది మిల్లీమీటర్లు."