ఈ వయసులో క్లిప్పులా!

"ఆ పన్ను పీకేయండి డాక్టరుగారూ. పీడా పోతుంది."

కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న కూతురి తరఫున తల్లే చెప్పేసింది.

పైవరుసలో కోరపన్ను చోటు చాలక పక్క పన్ను మీదికెక్కి కూర్చుంది. అందుకని బడిలో ఆ పిల్లను అందరూ "డాబా" అంటారు. మాస్టార్ల గొంతులు అచ్చుగుద్దినట్టు దించేసే పిల్ల, ఆ పేరు పడ్డాక నలుగురిలో నోరు విప్పడమే మానేసింది. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

డాక్టరు చేతిలోని చిన్న అద్దం పక్కన పెట్టాడు.

"పుచ్చిపోతే పీకేవాణ్ణే. ఇది నిక్షేపంలాంటి పన్నమ్మా. చోటు తప్పిందంతే."

"అయితే ఆ చోటుకు మీరే జరపండి."

"అది నా పని కాదు. లోపలి గదిలో ఆర్థోడాంటిస్టు ఉన్నారు. క్లిప్పులు వేసి వరుసలోకి తెస్తారు."

"మీరూ పళ్ళ డాక్టరేగా?"

"నేనూ పళ్ళ డాక్టరునే. ఆవిడ నేను చదివిందంతా చదివి, పళ్ళు జరపడం కోసమే మళ్ళీ మూడేళ్ళు చదివారు."

క్లిప్పుల మాట వినగానే డాబా నోరు టక్కున మూసుకుంది.

బయట హాల్లోకి వచ్చాక గానీ తెరవలేదు.

"నేను వేయించుకోనంటే వేయించుకోను. ఇప్పుడు డాబా అంటున్నారు. రేపు డాబాకి ఇనపగేటు కూడా పెట్టించిందంటారు!"

"సరే పద. ఇంకో చోటికి పోదాం. ఈ ఊళ్ళో పన్ను పీకేవాడే దొరకడా?"

"దొరుకుతాడమ్మా. పీకిందాన్ని మళ్ళీ మొలిపించేవాడే దొరకడు."

పక్క కుర్చీలోని ముసలాయన అన్నాడా మాట. అని, నవ్వాడు.

నోటినిండా క్లిప్పులు! తీగ తళతళలాడుతోంది. దానిమీద నీలంరంగు రబ్బరు రింగులు.

డాబా కళ్ళప్పగించి చూసింది.

తల్లి కూతురి చెవిలో గొణిగింది. "పళ్ళు ముత్యాల్లా బానే ఉన్నాయిగా! ఈ వయసులో ఈయనకిదేం సోకే?"

"వినపడిందమ్మా. చెవులు మాత్రం ఇంకా బాగానే పనిచేస్తున్నాయి."

తల్లి నాలుక కరుచుకుంది.

ఆయనేమీ అనుకోలేదు.

"ఏం పనిచేస్తుంటావమ్మా?"

"బట్టలు కుడతానండీ."

"చొక్కా చిరిగిందని తెస్తే ఏం చేస్తావు?"

"చిరుగు కుట్టేస్తాను."

"చిరగలేదు. భుజాలు జారిపోతున్నాయి, చంకలో పట్టేస్తోంది. అప్పుడో?"

"కుట్లు విప్పి, కొలత చూసుకుని, కొంచెం కొంచెం సర్దుకుంటూ రావాలి. అది వేరే పనండీ. ఓపికుండాలి."

"చొక్కా చెయ్యి సరిగ్గా కూర్చోలేదని కత్తిరించి పారేయవుగా?"

"అయ్యో, మంచి గుడ్డని ఎవరైనా..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. కూతురి మొహంకేసి చూసింది.

"అంతేనమ్మా. ముందు గదిలో చిరుగులు కుడతారు. లోపల కొలతలు సర్దుతారు. ఎవరి విద్య వారిది."

డాబా మెల్లగా దగ్గరికి జరిగింది.

"తాతగారూ, నొప్పెడుతుందా?"

"నాకైతే ఇంతవరకూ నొప్పన్నదే తెలీదు. నీకు మాత్రం మొదట్లో సలుపుతుంది తల్లీ, అబద్ధమెందుకు? మెత్తగా ఉండేవి తిను. తగ్గిపోతుంది."

"మిమ్మల్నెవరూ ఏడిపించరా?"

"ఎందుకు ఏడిపించరు? మా వీధి పిల్లలకు నేను 'సైకిలు గొలుసు తాత'ని. వాళ్ళలా పిలవగానే నేను బెల్లు కొడతాను. ట్రింగ్ ట్రింగ్!"

హాల్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వాపు దవడ పట్టుకుని కూర్చున్నాయన కూడా మూలుగుతూనే నవ్వాడు.

డాబా గొంతు సవరించుకుంది.

"వినపడిందమ్మా. చెవులు మాత్రం ఇంకా బాగానే పనిచేస్తున్నాయి."

అచ్చం ముసలాయన గొంతే! ఆ వణుకు, ఆ సాగతీత, అన్నీ దిగిపోయాయి.

ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. డాబా కూడా నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది.

"మీవి ఎప్పుడు తీస్తారు తాతగారూ?"

"నాకేం తొందర లేదు తల్లీ. నువ్వు వెళ్ళు. రింగుల్లో చిలకపచ్చ కూడా ఉందట, అడుగు."

డాబా లోపలికి వెళ్ళింది. చిలకపచ్చే వేయించుకుంది.

ఇంటికొచ్చాక తల్లి, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ ఈ "సోకుల తాత" కథ చెప్పి నవ్వించింది. ముసలితనంలో ముచ్చట్లకేం తక్కువ లేదని కుట్టుమిషను తొక్కుతూనే ముక్తాయించేది.

రెండేళ్ళు గడిచాయి. కోరపన్ను మేడ దిగి బుద్ధిగా వరుసలో నిలబడింది. బడి వార్షికోత్సవంలో డాబా హెడ్మాస్టరు గొంతును హెడ్మాస్టరు ఎదుటే దించేసింది. ముందు వరుసలో కూర్చున్న ఆయనే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

క్లిప్పులు తీసిన రోజు డాబా అద్దంలో ఒకటికి పదిసార్లు చూసుకుంది. మధ్యమధ్య హాలు వైపు తొంగి చూసింది.

"డాక్టరమ్మగారూ, నీలం రింగుల తాతగారు లేరా? ఆయనకు చూపించాలి."

"మా నాన్నగారా? మా అన్నయ్య ఊరికి మకాం మార్చారమ్మా. వాడిదీ ఈ క్లిప్పుల వైద్యమే. ఇప్పుడు అక్కడి హాల్లో కూర్చుంటున్నారు."

"మీ నాన్నగారా!" తల్లి గతుక్కుమంది. "ఆయన్ని పట్టుకుని నేను ఎన్నేసి మాటలన్నానో!"

"ఆయన అవేమీ పట్టించుకోరు లెండి. మన ముందు గది ఒకప్పుడు ఆయనదే. అందరి పళ్ళూ బాగుచేశారు."

"మరి ఆయన పళ్ళు వరుసకొచ్చాయా?" డాబా ఆత్రంగా అడిగింది.

డాక్టరమ్మకు నవ్వాగలేదు.

"మీలాంటి పిల్లలు క్లిప్పులంటే బెదిరిపోతున్నారని, తన కట్టుడు పళ్ళకు వాటిని అంటించేదాకా నన్ను కాల్చుకుతిన్నారమ్మా మా నాన్న!"