వదులైన దారం

"బాబాయ్, నీ దారం గిన్నెలో పడేట్టుంది," అన్నాడు మెకానిక్ నవ్వుతూ.

జలాంతర్గామి రేవులో ఉండగానే వంటాయన వంటగదిలో ఈ గోడకీ ఆ గోడకీ ఓ దారం బిగించి కట్టేవాడు. లోతుకు వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడికి గోడలు కాస్త లోపలికి నొక్కుకుని దారం వదులయ్యేది. అది చూసి లోతు చెప్పడం ఆయనకు సరదా.

"నవ్వకురా. ఎంత లోతులో ఉన్నాం?"

"పొద్దుటినుంచీ అరవై మీటర్లే. లోతు మీటరు చూసే వస్తున్నా."

"నిన్నా అరవైలోనే ఉన్నాం. అప్పుడు బెత్తెడు కూడా దిగలేదు. ఇప్పుడు చూడు, జానెడు వేలాడుతోంది."

"పాత దారం, సాగి ఉంటుందిలే."

"మరి ఇదీ సాగిందా?" అంటూ వంటాయన సామాన్ల గది తలుపు లాగాడు. చట్రం నొక్కుకుపోయి అది రాలేదు.

మెకానిక్ నవ్వు ఆగిపోయింది. పొద్దున లోతు మీటరు గొట్టం దగ్గర చెమ్మ కనిపిస్తే, మీటరులోకి సముద్రపు నీటిని వదిలే వాల్వు కట్టేసి, గొట్టం బిగించింది అతనే. తర్వాత చేతులు తుడుచుకున్నాడు. స్పానరు పెట్టెలో పెట్టాడు. వాల్వు మళ్లీ తిప్పినట్టు మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

"బాబాయ్... ఆ ముల్లు అరవైలో నిలబడలేదు. నేనే ఆపేశాను."

ఇద్దరూ కెప్టెన్ దగ్గరున్న లోతు మీటరు వైపు పరిగెత్తారు. వాల్వు తెరవగానే ముల్లు ఒక్కసారిగా ఎర్ర గీత దాకా వెళ్లింది. అక్కడా ఆగలేదు.

పైకి లేపమని కెప్టెన్ అరిచాడు. మెకానిక్ తిట్ల కోసం తల దించుకుని నిలబడ్డాడు. ఎవరూ అతనివైపు చూడలేదు. అందరూ గోడలవైపే చూస్తున్నారు.