పై రౌండు

ఈ ఒక్క మ్యాచ్‌తో టీము ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు టీము ఓనరు, రెండోవారు ఆయన భార్య, గేటు దగ్గర టికెట్లమ్మేది ఆమే.

లీగు చిన్నది. హాల్లో కుర్చీలు వెయ్యి, జనం మూడొందలు. అందులో సగం మంది ఆటగాళ్ళ చుట్టాలే. చిన్న లీగు బాస్కెట్‌బాల్‌కి మంచి భవిష్యత్తుందని ఎవరో అంటే నమ్మి, ఓనరు ఉన్న ఉద్యోగం మానేసి టీము కొన్నాడు. నాలుగేళ్ళయింది, ఆ భవిష్యత్తు ఇంకా రాలేదు. మొన్న కారు కూడా అమ్మి జీతాలిచ్చాడు. ఒక్క నెల కూడా ఆపలేదు మహానుభావుడు.

మ్యాచ్‌కి ముందు డ్రెస్సింగ్ రూములో నిచ్చెన అని అందరూ పిలిచే ఆటగాడు కాలికి కట్టు కట్టించుకుంటున్నాడు. మనిషి ఏడడుగులకి రెండంగుళాలు తక్కువ, అందుకే ఆ పేరు. చీలమండ వాచిపోయి ఉంది.

"నువ్వు ఆడొద్దురా," అన్నాడు ఓనరు. "ముందు కాలు చూసుకో."

"టీముకంటేనా అన్నా?"

"చెప్పింది విను. కోచ్‌గారూ, ఇవాళ కొత్త కుర్రాళ్ళని దింపండి. వాళ్ళకీ అనుభవం రావాలి కదా."

కోచ్ తెల్లబోయాడు. "గెలిస్తే పై రౌండు సార్! అనుభవాలకి ఇవాళే దొరికిందా?"

ఓనరు వెళ్ళి తన కుర్చీలో కూలబడ్డాడు.

పక్క సీట్లో రంగుల కొట్టాయన. జెర్సీల మీద ఉన్నది ఆయన కొట్టు పేరే.

"ఏనుగుని కొనడం తేలికేనండీ, మేపడమే కష్టం," అన్నాడాయన. "ఈ ఏడాదికి నా జేబు చిరిగిపోయింది. టీమంటూ ఉంటే వచ్చే ఏడాదీ డబ్బు పెట్టేది నేనే, మాటిస్తున్నా."

టీమంటూ ఉంటే. ఓనరు స్కోరుబోర్డు వైపు తిరిగాడు.

ఓనరు మాట తీసెయ్యలేక కోచ్ కొత్త కుర్రాళ్ళనే దింపాడు. మూడో క్వార్టరు అయ్యేసరికి పన్నెండు పాయింట్లు వెనకబడ్డారు. కొత్త కుర్రాళ్ళు బంతి పట్టుకుంటే జారిపోతోంది. ఇక లాభం లేదని నిచ్చెన ఎవర్నీ అడక్కుండా బెంచి మీంచి లేచాడు. కుంటుకుంటూ కోర్టులోకి దిగాడు. హాలు దద్దరిల్లింది.

పన్నెండు ఎనిమిదయింది. ఎనిమిది నాలుగయింది. ఓనరు చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

"ఏంటండీ అలా బిగుసుకుపోయారు? కేకలెయ్యండి!" వీపు మీద చరిచాడు రంగుల కొట్టాయన.

"బీపీ అండీ," అన్నాడు ఓనరు.

ఆఖరి సెకనులో నిచ్చెన బంతితో పైకి ఎగిరితే అవతలివాడు చెయ్యి మీద కొట్టాడు. అదే సమయానికి బజరు మోగింది. టైము అయిపోయింది. స్కోరు డెబ్భై ఎనిమిది, డెబ్భై తొమ్మిది. నిచ్చెనకి రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు, పడితే ఒక్కోటీ ఒక పాయింటు.

మొదటిది రింగు చుట్టూ తిరిగి తిరిగి లోపల పడింది. సమానం.

టికెట్ల గేటు వదిలేసి ఓనరు భార్య తలుపు దగ్గర నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓనరు కళ్ళు మూసుకున్నాడు. "దేవుడా, ఈ ఒక్కసారికి నా మొర ఆలకించు!"

రెండోది రింగుకి తగలకుండానే వలలోకి దిగిపోయింది.

ఎగిరారు, ఏడ్చారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. నిచ్చెన కుంటుతూ వచ్చి ఓనరు చేతులు పట్టుకున్నాడు.

"నాలుగేళ్ళు మీ ఉప్పు తిన్నానన్నా. ఇవాళ రుణం తీర్చుకున్నా."

"బాగా ఆడావురా," అంటూ ఓనరు వాణ్ణి కావలించుకుని భోరుమన్నాడు. ఆయన్ని చూసి రంగుల కొట్టాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

జనం పలచబడ్డాక భార్య వచ్చింది. ఆమె చేతిలో లీగువాళ్ళ ఉత్తరం నలిగిపోయి ఉంది. ఆయన చెవి దగ్గర వంగి అంది:

"పై రౌండుకెళ్తే సొంత ఖర్చుతో మూడు వారాలు ఊళ్ళు తిరిగి ఆడాలి, వెళ్ళి ఆడకపోతే టీమే రద్దన్నారు కదండీ, ఓడిపోయుంటే బతికిపోయేవాళ్ళం!"