గుమ్మడి కాండం అడ్డుకోత

“అమ్మా, ఈ స్లైడు మీదేనా? కణాలన్నీ తేనెపట్టు గదుల్లా విడివిడిగా ఎంత బాగున్నాయో!” మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అన్నాడు అటెండరు.

“నాది కాదు, ఆయనది,” అంది ఆమె.

“అదే అనుకున్నా. అంచు కాస్త మందంగా ఉంది.”

పక్క బల్ల దగ్గర బ్లేడు తుడుస్తున్న భర్తకు ఒళ్ళు మండిపోయింది.

వృక్షశాస్త్ర విభాగంలోని ఆ స్లైడుల గదిలో ఆమెకు బ్లేడు పట్టడం నేర్పింది అతనే. కాండాన్ని క్యారెట్ ముక్క మధ్య ఇరికించడం, ఉల్లిపొరకన్నా పల్చగా కోయడం, రంగులో ముంచి గాజు పలక మీద పరచడం, అన్నీ అతని దగ్గరే నేర్చుకుంది. కొత్తలో కాండంలో నీళ్ళు మోసే దారువేదో, నడిమి మెత్తటి దవ్వేదో కూడా తెలియని మనిషి. ఇప్పుడు ఏ క్లాసు నుంచి ఎవరొచ్చినా “అమ్మగారి స్లైడు ఇవ్వండి” అనే అడుగుతారు. భార్యను మెచ్చుకుంటే మొగుడు మురిసిపోవాలని అతనికీ తెలుసు. కానీ మురిపెం రావాల్సిన చోట మంట వస్తుంటే ఏం చేస్తాడు? అన్నం తింటున్నా ఆ మాటలే చెవిలో మోగేవి.

పైగా ఇప్పుడొక చిక్కొచ్చి పడింది. ఇకమీదట స్లైడుల గదిలో ఒక్కరే ఉండాలట. రెండో మనిషి కింది అంతస్తులోని జంతు విభాగానికి వెళ్ళాలి. అక్కడ కప్ప కండర కణాలు, ఎలుక నాడీకణాలు, వాటితో పాటు రోజంతా ఫార్మలిన్ ఘాటు. ఆ వాసన తగిలితే ఆమెకు ఊపిరాడదు. అది అతనికి బాగా తెలుసు.

“ఇద్దరూ గుమ్మడి కాండం అడ్డుకోత తలా ఒకటి చేసివ్వండి,” అంది విభాగాధిపతి మేడమ్. “ఏది బాగుంటే ఆ చెయ్యి ఇక్కడే ఉంటుంది. నేను చూసేదాకా ఏది ఎవరిదో నాకు చెప్పొద్దు.”

సాయంత్రానికి రెండు స్లైడులూ తయారయ్యాయి. అతని దానికి నీలం చీటీ, ఆమె దానికి ఎర్ర చీటీ అంటించి ట్రేలో పెట్టాడు అటెండరు.

ఇంటికి వచ్చాక ఆమె అంది, “పైన మీరే ఉండాలండీ. ఆ కిటికీ పక్క కుర్చీ లేకపోతే మీకు తోచదు.”

“జాలి పడుతున్నావా?”

“జాలెందుకు? మీ పని మీకిష్టం కదా అని.”

“నా మీద అంత ప్రేమ ఉంటే పోటీ నుంచి తప్పుకోవాల్సింది.”

“అడిగాను. మేడమ్ ఒప్పుకోలేదు.”

అతను కంచం ముందు నుంచి లేచిపోయాడు. తప్పుకుంటానని అడిగిందంటే, ఉంటే గెలుస్తాననేగా ఆవిడగారి ధీమా! నేర్పిన వాడికే దానం చేస్తుందా?

మర్నాడు గది ఊడ్పించాలంటూ ఆమె ముందే బయల్దేరింది. అతను వెళ్ళేసరికి వరండాలో అటెండరుతో మాట్లాడుతోంది. అతను లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. ట్రేలో రెండు స్లైడులు. వట్టి కంటికి రెండూ ఒకేలాంటి ఎర్రటి చుక్కలు. మైక్రోస్కోపు కింద పెట్టి చూసే తీరిక లేదు. ధైర్యం అసలే లేదు. చీటీలు గోరు తగలగానే ఊడి వచ్చాయి. ఆఫీసు జిగురు ఏనాడు సరిగ్గా అతికింది గనక, అనుకున్నాడు. నీలం తీసిన చోట ఎర్రది, ఎర్రది తీసిన చోట నీలం అంటించాడు. ఫార్మలిన్ వాసనకు ఆమె దగ్గడం చెవుల్లో వినిపించినట్టయింది. అయినా చీటీలు మళ్ళీ తీయలేదు.

మేడమ్ చాలాసేపు చూసింది. ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి, మళ్ళీ మొదటిది.

“రెండూ మంచివే,” అంది చివరికి. “కానీ నీలం చీటీదానిలో దవ్వ ఒక పక్క చినిగింది. ఎర్రదానిలో ఒక్క కణం గోడ కూడా చెదరలేదు. ఇలాంటి కోత నేను ఈ మధ్య చూడలేదు. ఎర్ర చీటీ ఎవరిది?”

“అమ్మగారిది!” అటెండరు గంతేసినంత పని చేశాడు.

అతను ట్రే వంక చూశాడు. ఎర్ర చీటీ ఉన్నది తన స్లైడు మీద! తన కోతే గొప్పది. నోరు మూసుకుని ఊరుకుని ఉంటే నిజాయితీగా గెలిచేవాడు. ఎంత పని చేసుకున్నాడు!

చిత్రంగా, బ్లేడులూ కుంచెలూ పెట్టెలో సర్దుకుంటుంటే మంట చల్లారింది. ఇన్నాళ్ళూ ఎవరి మీద ఏడ్చాడు? చెయ్యి తనదే పైచెయ్యి. లోకానికి తెలియకపోతేనేం, తనకు తెలుసు. పాపం, పిచ్చిది, మొగుడి స్లైడుతో గెలిచానని దానికి తెలియదు. ఎన్నాళ్ళ తర్వాతో భార్య మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఓదార్పుగా నాలుగు మాటలు చెప్పి కిందికి వెళ్దామని ఆమె దగ్గరికి నడిచాడు.

ఆమె కిటికీ పక్క నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

“ఎందుకా ఏడుపు? ఫార్మలిన్ పీల్చబోయేది నేను కదా!” అన్నాడు నవ్వుతూ.

“మీరు వెళ్ళొద్దు. గెలిచింది మీరు.”

అతని నవ్వు ఆగిపోయింది. తలుపు సందులోంచి చూసిందా?

“ఏమంటున్నావు?”

“మేడమ్ అంతగా మెచ్చుకున్న స్లైడు మీదండీ. నా పేరున పోయింది.”

“నీకెలా తెలుసు?”

ఆమె తల దించుకుంది.

“మీరే గెలవాలని, పొద్దున్నే వచ్చి ఆ చీటీలు నేనే మార్చేశానండీ.”