డాక్టర్ గేరూ

“ఎంత?” అన్నాడు రామబ్రహ్మం, కుర్చీ ఎదురుగా ఉన్నా కూర్చోకుండా.

“ముప్పై ఎనిమిదే సార్. పొద్దున చూసిందే,” అంది ఆయన అసిస్టెంటు నీహారిక, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

“మళ్లీ చూడమ్మా.”

“గంటకోసారి చూస్తే పెరిగేది కాదండి అది.”

అది ఆయన సైటేషన్ల లెక్క. డాక్టర్ రామబ్రహ్మం రాసిన పరిశోధన వ్యాసాలను ప్రపంచంలో ఎంతమంది తమ వ్యాసాల్లో ప్రస్తావించారో చెప్పే అంకె. ముప్పై ఏళ్ల చాకిరీకి ముప్పై ఎనిమిది. ఎనిమిదేళ్లు బోరబండ బస్తీలో ఇంటింటికీ బీపీ మిషను తిప్పి రాసిన వ్యాసమైతే ఆ జాబితాలోనే లేదు. ఎవరికీ పట్టలేదు కాబోలు అనుకుని ఆయన దాని ఊసు ఎత్తడం మానేశాడు. అచ్చయినదాన్ని మళ్లీ తెరిచి చూసే అలవాటు కూడా లేదు. తప్పులు కనబడతాయని భయం.

ఇవాళ జెనీవా నుంచి ఫోను రావాలి. ఆరోగ్య విధానాల మీద సలహాలిచ్చే కమిటీలో మన దేశానికి ఒకే సీటు. అది వస్తే ఆ పలుకుబడితో బోరబండలో బీపీ పరీక్షలు కొనసాగుతాయి. రాకపోతే మార్చిలో ఆయన రిటైర్మెంటుతో పాటే ఆగిపోతాయి. అందుకే పొద్దుటి నుంచీ కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాడు. కింద కొత్తగూడ ఫ్లైఓవర్ మీద కార్లు కూడా ఆయనకన్నా నిదానంగా పోతున్నాయి.

బస్తీలో బీపీ మిషను మోసే మల్లయ్య లోపలికి వచ్చి, ఆ తిరుగుడు కాసేపు చూశాడు.

“ఏంది సార్, గిట్ల తిరుగుతున్రు? జర కూసోండ్రి. ఇగ మీకే బీపీ చూడాల్సొచ్చేటట్టుంది.”

ఫోను మోగింది. రామబ్రహ్మం చెవికి గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

“చివరికి ఇద్దరు మిగిలారు డాక్టర్,” అంది అవతలి ఆవిడ ఇంగ్లీషులో. “మీరు, డాక్టర్ గేరూ.”

“గేరూ ఎవరండి?”

“మీ దేశమే. ఆయన దరఖాస్తు పెట్టలేదు, రికార్డు చూసి మేమే చేర్చాం. పేదల బస్తీల్లో రక్తపోటు మీద రాశారు. ఒక్క వ్యాసానికే పదకొండు వందల సైటేషన్లు. మీరు ఇంటర్వ్యూకి వస్తారా?”

ముందు కడుపు మండింది. తర్వాత సిగ్గేసింది. తను అంతకాలం కాళ్లరిగేలా తిరిగినా ఎవరికీ వినిపించని మాటను ఆ గేరూ ఎవరో ఒక్క వ్యాసంతో లోకమంతటికీ వినిపించాడు. అలాంటివాడి పక్కన ముప్పై ఎనిమిది పట్టుకుని కూర్చోవడానికి ఆయనకు మనసు ఒప్పలేదు.

“వద్దండి. నా పేరు తీసేయండి. సీటు ఆయనకే ఇవ్వండి. బోరబండ వైపు ఓసారి చూడమని మాత్రం చెప్పండి.”

రాసి పంపమంది ఆవిడ. రెండు లైన్లు ఫోనులోనే కొట్టి పంపేశాడు. ఉపసంహరణ నమోదయిందనీ, ఇక మార్చడం కుదరదనీ నిమిషంలో జవాబు వచ్చింది.

“అలా ఎలా వదిలేశారండి?” నీహారిక లేచి నిలబడింది.

“నాకన్నా గట్టివాడమ్మా. గేరూ అట. నా పనే, నాకన్నా బాగా చేశాడు.” ఆయన అప్పుడు కూర్చున్నాడు.

“మన పని కాపీ కొట్టిండేమో సార్,” అన్నాడు మల్లయ్య. “అమ్మా, జర చూడుండ్రి.”

నీహారిక వెతికింది. గేరూ అనే స్పెల్లింగుతో ఎవరూ దొరకలేదు. బస్తీలు, రక్తపోటు అని కొట్టింది. అన్నిటికన్నా పైన ఒక వ్యాసం వచ్చింది. పదకొండు వందల నాలుగు. ఆమె చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

“దొరికాడా?” అన్నాడు రామబ్రహ్మం.

“ఇది మన బోరబండ వ్యాసమే సార్. పత్రికకి పంపినప్పుడు ఫారం నేనే నింపాను. అప్పటికి కొత్తగా చేరాను, మీ ఇంటిపేరు తెలియదు. ఆ గడి ఖాళీగా వదిలితే ఫారం తీసుకోలేదు. పెద్దవారి పేరు ఉత్తగా రాయడానికి నాకూ చేయి రాలేదండి.”

“అయితే అందులో ఏం రాశావమ్మా?”

“గేరూ కాదు సార్, గారు.”