ఏడు చెంపదెబ్బలు

వికారాబాద్ ఫంక్షన్ హాల్లో, తెర మీద మూడో చెంపదెబ్బ పడింది. జనం పడీ పడీ నవ్వారు. పెళ్లికూతురి తండ్రి శివశంకర్ మాత్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

రిసెప్షన్‌లో కొత్త జంట సహస్ర, మహిధర్ వేయించిన సినిమా అది. ప్రీ వెడ్డింగ్ షూట్‌కు బదులు ఇద్దరే నటించి, ఫోన్‌తో తీసుకున్న పాతకాలపు మూకీ కామెడీ. నలుపు తెలుపు బొమ్మ. మాటల్లేవు, పియానో మోత ఒక్కటే.

ముఖాల నిండా తెల్లటి పౌడరు. మొగుడికి టోపీ, గుబురు మీసం. కోటు భుజాల మీంచి జారుతోంది. ఒక చేత్తో ప్యాంటు పట్టుకొని, ఇంకో చేత్తో గిన్నెలు తోముతున్నాడు. పొడుగాటి పెళ్లాం కొంగు ముసుగులోంచి వేలు చూపించింది. జొన్నపిండి డబ్బా వాడి నెత్తిన బోర్లించింది. వాడు జారిపడి లేవగానే మళ్లీ చెంప వాయించింది.

"థూ. వీడు మొగోడా?" అన్నాడు శివశంకర్.

"ఊకోరాదు. నవ్వులాటకు తీసుకున్నరు" అంది భార్య రజిని, నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్లు తుడుచుకుంటూ.

"పెండ్లాం కొడుతుంటే ఏడుస్తుండు. నా బండల పాలిషింగ్ ఫ్యాక్టరీల నలభై మంది మొగోళ్లున్నరు. రేపు తాండూర్ల వాళ్ల ముందల ఎట్ల నిలవడాలె?"

ఏడో దెబ్బ పడగానే ఆయన కారు తాళాలు తీసి లేచాడు. వెంట వచ్చిన తాండూరు బంధువులూ లేచారు.

వియ్యంకుడు వెంకటేశ్వర్ పరుగున వచ్చాడు. "బావా, బగారా అన్నం వేడివేడిగ ఉన్నది. కూసుందాం రా."

"నీ కొడుకు ముఖం చూసుకుంట తింటే కక్కొస్తది బావా."

ఆడపిల్లవాళ్లు ముద్ద ముట్టకుండా వెళ్లిపోతే ఇక రాకపోకలు ఉండవు. రజిని నవ్వు ఆగిపోయింది.

పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని సహస్ర స్టేజీ దిగి వచ్చింది. "ఏమైంది నాయినా?"

"గట్ల దెబ్బలు తినేటోనితోని ఎట్ల బతుకుతవు బిడ్డా?"

సహస్రకు నవ్వు ఆగలేదు. తండ్రి చెవి దగ్గరకు వంగి ఏదో చెప్పింది.

"అయితే చీర కట్టి కొట్టింది అల్లుడా, దెబ్బలన్నీ తిన్నది నువ్వా బిడ్డా" అని శివశంకర్ హాయిగా ఊపిరి పీల్చుకొని, తాళాలు జేబులో వేసుకొని విస్తరి ముందు కూర్చున్నాడు.