కుళాయి బాగుచేసే అంకుల్

ఒంటరి తల్లులకు సర్కారు నెలనెలా ఇచ్చే సాయం తాలూకు ఆఫీసరు చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. నేను వంటగదిలో సింకు కింద దూరి పైపు బిగిస్తున్నాను.

"ఎవరమ్మా అతను?"

"ప్లంబరండీ," అంది ఇంటావిడ.

"ఇంట్లో మగమనిషి ఉన్నాడని తేలితే సాయం ఆగిపోతుంది. తెలుసుగా?"

"తెలుసండీ. మగదిక్కే ఉంటే మీ ఆఫీసు గుమ్మం ఎందుకెక్కుతాను?"

నాకు ఒళ్లు మండింది. మగాడుంటే చాలు, పొయ్యి దానంతటదే వెలుగుతుందని ఆ రూలు రాసినవాడెవడో, వారానికి రెండ్రోజులు పని దొరికే మగాణ్ణి ఎన్నడూ చూసి ఉండడు. ఆ కోపంలో పైపు ఒక చుట్టు ఎక్కువ తిప్పాను. నీళ్లు ఫెడీమని మొహాన కొట్టాయి. ఇవతలికి జరిగి, కళ్లు మూసుకునే తలుపు వెనక్కి చెయ్యి పోనిచ్చి, మేకుకున్న తువ్వాలు లాగి తుడుచుకున్నాను.

"తువ్వాలు అక్కడుంటుందని నీకెలా తెలుసోయ్?" అన్నాడు ఆఫీసరు.

నేను తువ్వాల్లోంచి మొహం బయటికి తియ్యలేదు.

"నేనే చూపించా," అంది గుమ్మంలో ఆడుకుంటున్న పాప, తల ఎత్తకుండా. "ఇందాక కూడా మొహం తడుపుకున్నాడు. ఈ అంకుల్‌కి పని రాదు."

ఆఫీసరు పకపకా నవ్వి వెళ్లిపోయాడు.

అంకుల్ అని పిలవమని నేర్పింది నేనే. ఇంత బాగా నేర్చుకుంటుందనుకోలేదు. వెళ్లి దాని ముందు కూలబడ్డాను.

"ఆయన వెళ్లిపోయాడు తల్లీ. ఇక నాన్నా అనొచ్చు."

పాప పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ఇంకా మెట్ల మీదే ఉన్నాడు, అంకుల్."